కెమెరా కోటయ్యకు రెండు నిమిషాల మౌనం

పటమటలో మా వీధి వెంట నడిచి వెళ్తుంటే ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లు నన్ను ఆపి, "బాబూ రవీ, నేనింకా ఉన్నాను, గుర్తు పెట్టుకో" అని చెప్పి మరీ వెళ్తారు. ఒకాయనైతే ప్రతి కొత్త సంవత్సరానికీ ఫోన్ చేస్తాడు. శుభాకాంక్షలేమీ చెప్పడు. "ఈ ఏడు కూడా ఉన్నానోయ్" అని పెట్టేస్తాడు. దీనంతటికీ కారణం పదేళ్ల కిందట, నా ఇరవయ్యారో ఏట, చర్చి వెనక హాల్లో నిండు జనం ముందు నేను వెలగబెట్టిన ఘనకార్యం. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీరు మాత్రం మొహమాటపడకుండా నవ్వండి. ఆ రోజు హాలంతా నవ్వింది, మీరెంత?

అసలు తప్పు ఇంగ్లండు వాళ్లది. వాళ్ల టీవీలో ఒకప్పుడు ఒక నవ్వుల సీరియల్ వచ్చేది. ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఓ చిన్న ఊళ్లో ఒక ఫొటో స్టూడియో. దాని ఓనరు పరమ చాదస్తుడు. ఫొటో కోసం వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, గడ్డం సవరించి, భుజం సవరించి, వాళ్ల కాపురాల్లో వేలు పెట్టి, అరగంట గడిచాక చూస్తే ఒక్క ఫొటో కూడా తీసి ఉండడు. ఎన్ని వారాలు నడిచినా కథ ఇంతే. జనం మాత్రం పడీ పడీ నవ్వేవారు.

మాకు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన బెంజమిన్ మాస్టారు నా చిన్నతనంలో ఎవరి దగ్గరో పాత వీడియో క్యాసెట్లు సంపాదించి ఆ సీరియల్ చూశారు. చూసి ఊరుకోకుండా తెలుగులో నాటకంగా రాసేశారు. ముసురు పట్టిన ఊరు పోయి మన ఉక్కపోత బెజవాడ వచ్చింది. ఓనరు పేరు కెమెరా కోటయ్య అయింది. ఏటా క్రిస్మస్ దాటాక వచ్చే శనివారం సాయంత్రం హాల్లో ఆట. కోటయ్య వేషం విశ్వనాథం గారిది. ఆయన కాలవల ఆఫీసులో గుమస్తా. మామూలుగా మనిషి మాట్లాడడు. ఆ గళ్ల కోటు తొడుక్కుని మూడు కాళ్ల కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చాడంటే మాత్రం వేరే మనిషి. ఉన్నట్టుండి తల బయటికి తీసి "కదలకండి!" అని గద్దించేవారు. కుర్చీలో కూర్చున్న పాత్రతోపాటు హాల్లో ఉన్న మేమందరం కూడా బిగుసుకుపోయేవాళ్లం. కింద చాప మీద కూర్చున్న నేను ముక్కు దురద పెట్టినా గోక్కునేవాణ్ణి కాదు.

నాలుగైదేళ్లు దివ్యంగా నడిచాక ఒక ఏడు గొడవ వచ్చింది. ఆఖరి సీను చివర్లో విశ్వనాథం గారు స్క్రిప్టులో లేని మాట ఒకటి కలిపారు. పాపం అరగంట నుంచి కూర్చున్న కస్టమరు "ఫొటో ఏదండీ?" అని అడిగితే, "రేపు రండి, ఇవాళ వెలుతురు బాలేదు" అన్నారు. హాలు దద్దరిల్లింది. మాస్టారికి మాత్రం మండింది. "నా నాటకంలో నీ మాటేమిటయ్యా?" అన్నారు. "నవ్వింది నా మాటకేగా?" అన్నారాయన. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. తరవాత విశ్వనాథం గారికి ట్రాన్స్‌ఫర్ అయింది. కోటయ్య లేకపోయేసరికి నాటకమూ ఆగిపోయింది.

ఇరవయ్యేళ్లు గడిచాయి. ఒక ఆదివారం ఇంటర్నెట్‌లో చూద్దును కదా, ఆ ఇంగ్లండు వాళ్లు తమ పాత సీరియల్‌ని మళ్లీ తీశారు! అదే స్టూడియో, అదే కెమెరా, మిగిలిన పాత నటులే, అందరికీ జుట్లు నెరిసిపోయాయి. షో మొదలవగానే, కాలం చేసిన నటుల ఫొటోలు నలుపు తెలుపుల్లో ఒక్కొక్కటే వస్తుంటే ప్రేక్షకులంతా లేచి నిలబడ్డారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లే నా కొంప ముంచాయి.

పరుగెత్తుకుంటూ మాస్టారింటికి వెళ్లాను. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయి వరండాలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

"మాస్టారూ, కోటయ్యని మళ్లీ వేద్దామండీ! పాతవాళ్లతోనే!"

ఆయన మోకాలు నిమురుకున్నారు. తరవాత, "సుగుణమ్మ గారు ఉన్నారు, కోటయ్య పెళ్లాం వేషానికి. మిగతావాళ్లని వెతకొచ్చు. కానీ విశ్వనాథం లేకుండా కోటయ్యేంట్రా?" అన్నారు.

"ఆయన ఎక్కడున్నారో?"

"మొన్నీమధ్య భవానీపురంలో దిగాడని విన్నా. మూడో అంతస్తంట, లిఫ్టు లేదంట. నా కాళ్లు ఎక్కవు. నువ్వెళ్లు. నేను పిలుస్తున్నానని చెప్పు." చూపు పక్కకి తిప్పుకుని, "ఆ 'రేపు రండి' కూడా పెట్టుకోమన్నానని చెప్పు" అన్నారు. ఆయన అంత దిగిరావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఒక్క కబురు మోసుకెళ్లడమే నా పని. దాన్ని నేనెంత సవ్యంగా చేశానో వినండి.

మర్నాడు సాయంత్రం భవానీపురం వెళ్లి మూడంతస్తులెక్కాను. తలుపు తీసింది విశ్వనాథం గారి భార్య రాజ్యలక్ష్మి గారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కొంగుతో చెంపలు తుడుచుకుంటున్నారు. లోపల అగరొత్తుల వాసన.

"విశ్వనాథం గారిల్లేనాండీ?"

"అవును బాబూ, రా, కూర్చో."

కూర్చుని తలెత్తాను. ఎదురుగా ఖాళీ గోడ. గోడ మధ్యన ఒకే ఒక్క ఫొటో. ఫొటోలో విశ్వనాథం గారు. ఫొటోకి గంధపు దండ. కింద ఎర్రగా మినుకు మినుకుమంటూ చిన్న దీపం.

మీరైతే ఏమనుకునేవారు? నిజం చెప్పండి. మన తెలుగు దేశంలో గోడ మీద ఫొటోకి దండ వేసి ఉంటే ఆ మనిషి ఆరోగ్యం గురించి ఎవరైనా వాకబు చేస్తారా? నేను గొంతు సవరించుకుని, తల వంచుకుని, గోడవైపు చూపించి, "ఎప్పుడండీ?" అన్నాను.

ఆవిడ దండ వైపు చూసి నిట్టూర్చారు. "మొన్న ముప్ఫయ్యో తారీకున, నాయనా."

"అకస్మాత్తుగానా?"

"అకస్మాత్తేముంది? తారీకు ముందే తెలుసుగా. ఆర్నెల్ల నుంచీ రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాం."

నా గుండె చెరువైంది. పాపం, డాక్టర్లు గడువు చెప్పేసి ఉంటారు.

"ఆఫీసు వాళ్లు వచ్చారాండీ?"

"ఒక్కళ్లు మిగల్లేదు. దండలే దండలు. ఇన్నేళ్లలో ఒక్క మంచి మాట అన్నవాడు లేడు, ఆ రోజు మాత్రం దేవుడూ దేవుడూ అన్నారు. వ్యానుకి పూలు కట్టి డప్పులు కూడా పెట్టించారు. ఆయనకి ఆ ఆర్భాటం సుతరామూ ఇష్టం లేదు. ఆ రోజు ఆయన మాటెవరు విన్నారు?"

"మీరు... ఎలా ఉంటున్నారండీ?"

"ఏం చెప్పను బాబూ. ముప్ఫై అయిదేళ్లు తొమ్మిది కొట్టేసరికి క్యారేజీ కట్టినదాన్ని. ఇప్పుడు తొమ్మిదైతే ఏం చెయ్యాలో తోచి చావడం లేదు." మళ్లీ కొంగుతో చెంపలు తుడుచుకున్నారు. "కాఫీ పెడతానుండు."

"అయ్యో, వద్దండీ! ఇలాంటప్పుడు కాఫీ ఏంటండీ!"

ఆవిడ కొంచెం తెల్లబోయారు. "ఇంతకీ ఏం పని మీద వచ్చావు?"

దుఃఖంలో ఉన్న ఇంట్లో నవ్వుల నాటకం సంగతి ఎవడెత్తుతాడు? "ఏం లేదండీ, ఊరికే చూసి వెళ్దామని" అన్నాను. ఆవిడ అనుమతితో గోడ మీది ఫొటోని సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసుకున్నాను. "బాగా పడింది కదూ?" అన్నారావిడ. పలకరింపుకి వెళ్లిన ఇంట్లో వెళ్లొస్తానని చెప్పకూడదు కదా, మా అమ్మ నేర్పిన మర్యాద నాకు బాగా గుర్తుంది. అందుకని దండం పెట్టి, నోరు విప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోయాను.

ఆ మెట్ల మీద ఒక నేరం జరిగింది. దాన్ని కూడా ఒప్పేసుకుంటాను. ఒక అంతస్తు దిగేవరకూ నిజంగానే ఏడుపొచ్చింది. రెండో అంతస్తులో, "మరి కోటయ్య వేషం ఎవరేస్తారు?" అన్న ఆలోచన వచ్చింది. వీధిలోకి వచ్చేసరికి ఎవరేస్తారో నాకు తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచీ బాత్‌రూమ్ అద్దం ముందు "కదలకండి!" అని సాధన చేస్తున్నది ఎవరనుకున్నారు? ఒక్క ప్రశ్న, ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే నిజం బయటపడేది. అడగలేదు. ఆ వేషం మీద మోజే నా నోరు నొక్కేసిందని ఈ రోజుకీ నా అనుమానం.

కబురు విని మాస్టారు కర్చీఫ్ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "ఒక్క నెల ముందు పిలిచి ఉంటే సరిపోయేది కదరా. ఇరవయ్యేళ్లు పంతం పట్టి కూర్చున్నాను" అన్నారు. వేషం నన్నే వెయ్యమన్నారు. రాజ్యలక్ష్మి గారిని ముఖ్య అతిథిగా పిలవమన్నారు. ఆవిడ ముందు మళ్లీ నిలబడే ధైర్యం లేక నేను ఆహ్వాన పత్రిక మీద "శ్రీమతి రాజ్యలక్ష్మి గారికి" అని ఒక్కరి పేరే రాసి, తలుపు కింద నుంచి లోపలికి తోసి వచ్చేశాను.

ఇక ఫ్లెక్సీ. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లేకుండా బెజవాడలో ఎవరైనా పోయినట్టు లెక్కా? ఫ్లెక్సీ షాపతను మంచి హుషారైన మనిషి.

"పావురాలు ఎన్నెయ్యమంటారు సార్?"

"రెండు చాలు."

"నాలుగేస్తా, నిండుగా ఉంటది. కింద మీ ఫొటో కూడా పెట్టాలి కదా?"

"నాదెందుకండీ?"

"కడుతోంది మీరేగా సార్!"

కాదనలేకపోయాను. నా దగ్గర ఉన్నది పెళ్లిచూపుల కోసం తీయించుకున్న ఫొటో. పళ్లు ఇకిలిస్తూ, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని. అలా విశ్వనాథం గారు నాలుగు పావురాల మధ్య, కింద "అశ్రునయనాలతో" అని రాసి పక్కన పరమానందంగా నేను.

శనివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. చీకటి పడకముందే కుర్చీలు నిండి, గోడల వెంబడి కూడా జనం నిలబడ్డారు. ముందు వరసలో చేతికర్రతో మాస్టారు. స్టేజీ మీద మూడు కాళ్ల కెమెరా, పక్కన ఫ్లెక్సీ. గళ్ల కోటులో నేను. రాజ్యలక్ష్మి గారి కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపు చూసి, ఇక రారేమోనని మొదలుపెట్టేశాను.

మైకు దొరికితే మనిషి ఆగుతాడా? విశ్వనాథం గారి నటన గురించి చెప్పాను, ఊరుకోవచ్చు కదా. "ఆఖరి క్షణాల్లో కూడా ఆయన ఈ హాలునే కలవరించారని ఆయన సతీమణి నాతో చెబుతుంటే..." అని గొంతు జీరబోయేలా ఒక అబద్ధం కూడా ఆడాను. సుగుణమ్మ గారు వెక్కి వెక్కి ఏడ్చారు. "ఆ మహానటుడి ఆత్మశాంతి కోసం అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాను.

హాలంతా లేచింది. తలలు వంచారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒక నిమిషం గడిచింది. నేను ఒంటికన్నుతో వాచీ చూసుకుంటున్నాను.

"కదలకండి!"

వెనక గుమ్మం దగ్గర నుంచి వచ్చిందా మాట. ఆ గొంతు నాకు తెలుసు. ఇరవయ్యేళ్ల కింద చాప మీద కూర్చుని విన్న గొంతు. నిజంగానే ఎవరూ కదల్లేదు.

"ఆ రెండో వరసలో ఏడుస్తున్నావిడ, గడ్డం కొంచెం పైకెత్తాలమ్మా. ఆ మూలన పొడుగాయన, కాస్త వంగండి, వెనకవాళ్లు పడట్లేదు. అందరూ ఇంత దిగులుగా ఉంటే ఫొటో ఎలా వస్తుందండీ? ఎవరైనా పోయారా ఏంటి?"

సుగుణమ్మ గారు "యేసయ్యా!" అని కెవ్వుమని కుర్చీలో కూలబడ్డారు. కుర్చీల మధ్య దారిలో విశ్వనాథం గారు నడిచి వస్తున్నారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తెల్ల జుట్టు. వెనకాల నల్ల కళ్లద్దాల్లో రాజ్యలక్ష్మి గారు. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. మైకు వదిలేసి, కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చేశాను. అందులోంచి చూస్తే ఏమీ కనబడదు. నాకు కావలసిందీ అదే. ఆంజనేయ దండకం సగం వచ్చింది, మిగతా సగం గుర్తు రాలేదు.

గుడ్డ పైకి లేచింది. ఆయన మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. వేడిగా ఊపిరి తగిలింది. దెయ్యాలకి ఊపిరి ఉండదని అప్పుడు స్ఫురించింది.

"ఈ స్టూడియో ఓనర్ని నేను" అన్నారు. "నువ్వెవరు నాయనా?"

హాలు ఒక్కసారిగా విరగబడి నవ్వింది. అదంతా నాటకమనీ, ముందే అనుకుని చేశామనీ జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల చాటున ఆయన నా చెవిలో మెల్లిగా, "నా భార్యని పిలిచి నన్ను వదిలేస్తే, ముసలాణ్ణయ్యాను, ఇక పనికిరాననుకున్నారు కాబోలు అనుకున్నా. వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదయ్యా. పోయాననుకున్నారా! హమ్మయ్య!" అన్నారు.

ఆ "హమ్మయ్య" విని నాకు స్టేజీ మీదే ఏడుపొచ్చింది. చచ్చిపోయాడని ఫ్లెక్సీ కట్టించినందుకు ఆ మనిషి బాధపడలేదు. వేషం ఇవ్వలేదన్నదే ఆయన బాధ. నేను గళ్ల కోటు విప్పి ఇచ్చేశాను. ముందు వరస నుంచి మాస్టారు చేతికర్ర ఎత్తి, "ఒరేయ్ విశ్వనాథం, నువ్వు బతికే ఉన్నావట్రా?" అని అరిచారు.

"ఇరవయ్యేళ్లు మాట్లాడనివాడివి, పోయానంటే కన్నీళ్లు పెట్టుకున్నావా? ముందే తెలిస్తే పదేళ్ల కిందటే పోయేవాణ్ణి!"

జనం ఇదీ డైలాగే అనుకున్నారు.

నాటకం మొదలైంది. నాకు మిగిలిన వేషం కుర్చీలో కూర్చున్న కస్టమరుది. అరగంటసేపు కదలకుండా కూర్చోవడం, చివర్లో ఒక్క మాట అనడం. అంతకన్నా తగిన శిక్ష ఎవరూ వెయ్యలేరు. ఆయనకి ఒక్క మాట తప్పిపోలేదు, ఒక్క చెయ్యి ఊపు మరిచిపోలేదు. ఆఖరి సీనులో నేను "ఫొటో ఏదండీ?" అన్నాను. ఆయన నోరు తెరిచి, ఆగిపోయి, మాస్టారి వైపు చూశారు. మరిచిపోయారేమో అనుకున్నాను. మరిచిపోలేదు, అనుమతి కోసం చూస్తున్నారు.

"అనరా!" అన్నారు మాస్టారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "రేపు రండి! అను!"

"రేపు రండి" అన్నారు విశ్వనాథం గారు. "ఇవాళ వెలుతురు బాలేదు."

తెర పడ్డాక రాజ్యలక్ష్మి గారు నన్ను పట్టుకున్నారు. "ఆయన రిటైరయ్యారయ్యా! సన్మానంలో వేసిన దండది. ఇంటి ఓనరు గారు గోడకి రెండో మేకు కొట్టనివ్వరు. ఉన్న ఒక్క మేక్కీ ఫొటో, దండా రెండూ తగిలించాం. ఆ సాయంత్రం ఆయన కూరగాయలకి వెళ్లారు."

"మరి ఆ ఎర్ర దీపమండీ?"

"దోమల మెషిన్."

"మీ కళ్లల్లో నీళ్లండీ?"

"శుక్లాల ఆపరేషన్. చుక్కలు వేసుకున్నా." ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "కాఫీ వద్దన్నావు, వెళ్లొస్తానని కూడా అనకుండా పోయావు. ఈ కాలం పిల్లలకి బొత్తిగా మర్యాద తెలీదని ఆ రోజే ఆయనతో అన్నాను."

ఆ తరవాత వాళ్లింటికి వెళ్లి, ఓనరు గారి కాళ్లావేళ్లా పడి, రెండో మేకు కోసం బతిమాలాను. ఒప్పుకోలేదు. ఫ్లెక్సీని రాజ్యలక్ష్మి గారు పట్టుకుపోయి మేడ మీద పరిచి వడియాలు పెట్టారు. విశ్వనాథం గారి మీద గుమ్మడి వడియాలు, నా మీద మినప వడియాలు. ఆయన ఏటా కోటయ్యగా స్టేజీ ఎక్కుతూనే ఉన్నారు. గంధపు దండ మాత్రం నాకు బహుమతిగా ఇచ్చేశారు. "దగ్గరుంచుకో, బుద్ధిగా ఉంటావు" అన్నారు.

భద్రంగా తెచ్చుకున్నాను. పెళ్లయి వేరు కాపురం పెట్టాక మాదీ అద్దె ఇల్లే, మాకూ ఒకటే మేకు. దానికి నా డిగ్రీ పట్టా అందుకుంటున్న ఫొటో ఉంది. మరి దండ ఎక్కడ తగిలిస్తాం? మొన్న గ్యాస్ బండ తెచ్చినతను గోడ వైపు చూసి, బండ దించి, మా ఆవిడతో మెల్లిగా, "ఎప్పుడమ్మా?" అన్నాడు. అప్పుడే నేను తువ్వాలు చుట్టుకుని బాత్‌రూమ్‌లోంచి వచ్చాను. పాపం, అతను సంతకం కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు. వెళ్లొస్తానని అనలేదు.

కాబట్టి ఆ కృష్ణమ్మ సాక్షిగా, మాస్టారి చేతికర్ర సాక్షిగా, ఆ నాలుగు పావురాల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట్లో ఏ ఫొటోకి ఎన్ని దండలు కనబడినా, "సారు కూరగాయలకి వెళ్లారాండీ?" అనే అడుగుతాను. కాఫీ ఇస్తే తాగుతాను. వెళ్లేటప్పుడు వెళ్లొస్తానని మూడుసార్లు చెబుతాను. మనిషి స్వయంగా ఎదురుగా వచ్చి, "నేను పోయాను బాబూ" అని చెబితే తప్ప, ఎవరికీ మౌనం పాటించను.